పేర్ల దూలం

శుక్రవారం, అక్టోబర్ 3

నిన్న దసరా. మా ఊరి మొదట్లో కట్టించిన స్వాగత కమాన్ ప్రారంభమైంది. నేను ఇక్కడ సౌదీలో, రాబిగ్‌లో డ్యూటీలో ఉన్నాను కాబట్టి ఫోన్‌లో చూశాను, అదీ చాయ్ టైములో, స్కాఫోల్డింగ్ పైపుల కుప్ప మీద కూర్చుని. సిగ్నల్ సరిగా లేదు. మాజీ సర్పంచ్ ప్రసంగిస్తుంటే ముఖం ఆగిపోయి మాట మాత్రం వచ్చింది. పర్వాలేదు, ఆయన ముఖం చూడ్డానికి నేను ఫోన్ చేయలేదు.

కమాన్ కట్టిన మేస్త్రీ కుమార్ ఫోన్‌ను దూలం వైపు తిప్పాడు. నల్ల గ్రానైట్ పలకల మీద బంగారు రంగు అక్షరాలు. ముందు అంజన్న పేరు, తర్వాత మిగతా వాళ్ళవి, కొందరు చనిపోయిన తల్లిదండ్రుల పేర్లు వేయించుకున్నారు. చిట్టచివర నాది. డిజైన్: జనార్దన్, సౌదీ అరేబియా. ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు మీద, పాస్‌పోర్టు మీద తప్ప నా పేరు అచ్చులో ఇంతవరకు ఎక్కడా లేదు. పదో తరగతి మెమో మీద ఉండాల్సింది, అది పాసైతే కదా. ఇప్పుడు రాయి మీద ఉంది. సంతోషంగా ఉంది, అబద్ధమెందుకు.

గల్ఫ్‌లో ఉన్న మా ఊరి వాళ్ళందరం కలిసి కట్టించిన కమాన్ ఇది. అంజన్న మా గ్రూపుకు పెద్ద. రియాద్‌లో, మలాజ్‌లో ఏసీలు రిపేరు చేస్తూ అక్కడే తల నెరిపించుకున్నాడు. కోరిక ఆయనది, గీత నాది. మొదట నేను వంపు ఒక్కటే గీశాను. పేర్లు ఎక్కడ వేస్తావని ఆయన అడిగితే, వంపు కింద ఆ స్తంభం నుంచి ఈ స్తంభానికి అడ్డంగా ఒక దూలం గీశాను. నిజానికి అందం కూడా దానివల్లే వచ్చింది.

ఈ డైరీ ఇస్సాక్ ఇచ్చాడు. రాయచోటి మనిషి, మా కంపెనీ బస్సు నడుపుతాడు, నా గదిలోనే ఉంటాడు. గోడతో మాట్లాడే బదులు ఇందులో రాసుకోమన్నాడు. నేను గోడతో మాట్లాడుతున్నానని వాడు చెప్పేదాకా నాకు తెలియదు.

వీడియోలో మా బిడ్డ గంగోత్రి కనపడలేదు. ఇంటర్ రెండో సంవత్సరం, చదువుకుంటోందని నా భార్య ప్రేమలత అంది. తర్వాత ఫోన్‌లో అడిగాను, కమాన్ ఎట్లా ఉందని. "పెద్దగుంది బాపూ" అంది. అంతే.


మంగళవారం, అక్టోబర్ 7

బస్సు లోపలికి రాలేదట.

సెంట్రింగ్ కర్రలు ఉన్నన్నాళ్ళు బస్సు మెయిన్ రోడ్డు మీదే ఆగేది. దసరా అయ్యాక మళ్ళీ ఊళ్ళోకి వస్తుందని అందరూ అనుకున్నారు. ఈ రోజు కాలేజీ తెరిచారు, బస్సు కూడా వచ్చింది. డ్రైవర్ కమాన్ ముందు ఆపి, దిగి, పైకి చూసి, మళ్ళీ ఎక్కి, కెనాల్ గట్టు పొడుగునా వెనక్కి పోనిచ్చాడట. బస్సు నెత్తి దూలానికి తగులుతుందన్నాడట.

తగలదు. ఆ బస్సు నాకు తెలుసు, చిన్నప్పుడు దాని నెత్తి మీదెక్కి తిరిగిన వాణ్ణి. అది పోయి ఇంకా జాగా మిగిలేట్టు గీశాను. డ్రైవర్ కొత్తవాడై ఉండాలి. లేదా కుమార్ దూలాన్ని కిందికి దించి ఉండాలి.


అక్టోబర్ 8

కుమార్ ఫోన్ ఎత్తలేదు. తప్పు చేసినవాడు ఎత్తడు.


శుక్రవారం, అక్టోబర్ 17

కుమార్ తనే వీడియో కాల్ చేశాడు. జ్వరంలో పడి ఉన్నాడట ఇన్నాళ్ళు. పునాది దిమ్మె నుంచి దూలం దాకా టేపు పట్టి చూపించాడు. నా కాగితం మీద ఉన్నదే ఉంది. "నువ్వు గీసినట్టే కట్టినన్నా. ఇటుక మందం గూడ తేడా లేదు" అన్నాడు. బాగానే కట్టాడు పాపం.

అంటే బస్సే ఎత్తు పెరిగింది. డిపో వాళ్ళు కొత్త బండి వేసి ఉంటారు. ప్రేమలతతో ఆ మాటే అన్నాను. అదే బస్సు, అదే డ్రైవరు, వెనక అద్దానికి అదే పగులు అంది. ఆమెకు ఇవన్నీ ఎట్లా తెలుస్తాయో.

గంగోత్రి ఇప్పుడు మెయిన్ రోడ్డు మీద దిగి కెనాల్ గట్టు మీదుగా నడిచి వస్తోంది. మలుపులో బెల్టు షాపు ఉంది. పొద్దు త్వరగా పోతోంది. ప్రేమలత బీడీల చాట పక్కన పెట్టి మలుపు దాకా ఎదురు వెళుతోంది. కొన్నాళ్ళే కదా అన్నాను. కొన్నాళ్ళ తర్వాత ఏమవుతుందని ఆమె అడగలేదు.


శుక్రవారం, అక్టోబర్ 24

గంగోత్రికి కాలేజీలో ప్రాజెక్టు ఇచ్చారు. దేశాదాయం, మానవాభివృద్ధి. దేశం సంపాదించేదానికీ మనుషుల బతుక్కీ ఎంత సంబంధం ఉందో ఏదైనా ఒక దేశాన్ని తీసుకుని రాయాలట. అందరూ జపాన్, అమెరికా తీసుకుంటే ఇది సౌదీ తీసుకుంది. "మా బాపు అక్కడే ఉన్నడు సార్, అడిగి రాస్తా" అందట. మధ్యాహ్నం భోజనం చేస్తూ స్పీకర్ ఆన్ చేసి మాట్లాడాను. ఇస్సాక్ కూడా వింటున్నాడు.

తలసరి ఆదాయం అంటే ఏమిటో మాకు పాఠం చెప్పింది. దేశంలో అందరి సంపాదన కలిపి తలా ఇంత అని పంచితే వచ్చేది. ఇస్సాక్‌కు ఇది బాగా నచ్చింది.

"అయితే మా కంపెనీ ముదీర్, అదే పెద్ద మేనేజరు, వచ్చి మెస్సులో మా లైన్లో నిలబడితే సాలు పాపా, ఆ పొద్దు మేమంతా శ్రీమంతులమే" అన్నాడు.

"గదే అంకుల్, గా లెక్కతోని మనిషి సంగతి తెల్వదని సార్ చెప్పిండు" అంది. అందుకే ఇంకో కొలత పెట్టారట. మనిషి ఎన్నాళ్ళు బతుకుతాడు, ఎంత చదువుతాడు, ఎట్లా బతుకుతాడు. ఈ మూడూ చూడాలట. ఇక నన్ను అడగడం మొదలుపెట్టింది. ఎంత చదివినవ్ బాపూ? పది ఫెయిల్. రాసుకుంది. ఆరోగ్యం ఎట్లున్నది? మోకాళ్ళ సంగతి చెప్పలేదు, బాగుందన్నాను. రాసుకుంది. ఎండల్ల ఎన్ని రోజులు... అని ఆపేసింది. నువ్వు నా గురించి రాస్తున్నావా, సౌదీ గురించి రాస్తున్నావా అని నవ్వాను. "రెండూ" అంది.

తర్వాత మన ఊరి గురించి కూడా ఒక పేజీ రాస్తానంది. రాయమన్నాను, కమాన్ ఫొటో పెట్టమన్నాను. ఊళ్ళో గల్ఫ్ ఇండ్లు ఇన్ని లేచాయి, బళ్ళో ఆడపిల్లలకు బాత్రూం లేదు, నర్సమ్మ ఉండే గదికి కప్పు లేదు, పదో తరగతి దాటిన ఆడపిల్లలను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అదీ రాస్తానంది. మన ఊరికి ఆదాయం ఉన్నది గాని అభివృద్ధి లేదు బాపూ అంది.

నాకు కోపం వచ్చింది. ఎండలో పైపులు మోసి పంపిన పైసలతోనే నువ్వు ఈ మాటలు నేర్చుకున్నావు అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఇస్సాక్ పళ్ళెం తీసుకుని లేచి వెళ్ళాడు.


అక్టోబర్ 27

ఫోన్ చేశాను. ప్రేమలత ఎత్తింది. గంగోత్రి నిద్రపోయిందంది. అక్కడ ఇంకా పొద్దు గూకలేదు.


మంగళవారం, నవంబర్ 4

ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ మొదలైంది. మనిషికి కూర్చునే తీరిక లేదు.

ఈ రోజు పైప్ ర్యాక్ దగ్గర గోల్‌పోస్ట్ సరిచేశాం. రోడ్డు మీదుగా పైపులు వెళ్ళే చోట, క్రేన్లూ లారీలూ వాటికి తగలకుండా ముందే ఒక అడ్డ పైపు కట్టి పెడతాం, ఇంతకన్నా ఎత్తుంటే రావద్దని. నేను ఇక్కడ కట్టినన్ని గోల్‌పోస్టులు ఎవరూ కట్టి ఉండరు. గత వారం ఆ రోడ్డు మీద కొత్త తారు పోశారు. పొద్దున సేఫ్టీ మేడమ్ వచ్చింది. సౌదీ అమ్మాయి, మా గంగోత్రి కంటే అయిదారేళ్ళు పెద్దది ఉంటుందేమో. అబాయా మీద రిఫ్లెక్టర్ జాకెట్, నెత్తిన హెల్మెట్. కారు తనే నడుపుకుంటూ వస్తుంది. ఇస్సాక్ వచ్చిన కొత్తలో ఇక్కడ ఆడవాళ్ళు స్టీరింగ్ పట్టుకునే వీల్లేదట. ఆ పిల్ల కొలత కర్ర కొత్త తారు మీద నిలబెట్టి, పైకి చూసి, బోర్డు మీద రాసిన ఎత్తు ఇప్పుడు అబద్ధమంది. రోడ్డు పెరిగింది కదా, బోర్డు మార్చు, లేదా పైపు పైకి జరుపు. నాకు హిందీలోనే చెప్పింది, ఎక్కడ నేర్చుకుందో.

పైపు పైకి జరిపాం. 

గంగోత్రి మళ్ళీ అడిగితే చెప్పాలి. ఈ దేశం సంపాదన ఎక్కడికి పోయిందంటే, కొంత భవనాలైంది, కొంత ఇదిగో ఈ పిల్ల అయింది.


నవంబర్ 5

పని ఎక్కువ. రాయను.


నవంబర్ 9

ఒంట్లో బాగాలేదు. కమాన్ గురించి కాదు.


శుక్రవారం, నవంబర్ 14

రాసేస్తాను. ఇది నేను తప్ప ఎవరూ చదవరు.

ఊళ్ళో సీసీ రోడ్డు వేసి రెండేళ్ళయింది. పాత తారు తవ్వకుండా దాని మీదే కాంక్రీటు పోశారు. ప్రేమలత ఫొటో పంపితే బాగుందని నేనే జవాబిచ్చాను. నేను ఊరికి వెళ్ళింది దానికి ముందు. కమాన్ గీసేటప్పుడు నా మనసులో ఉన్నది పాత రోడ్డు. గుంతలు, పక్కన తుమ్మచెట్టు, నేను దిగి నడిచిన రోడ్డు. పునాది దిమ్మె పాత మట్టం నుంచి లేచింది, కుమార్ అక్కడి నుంచే కొలిచాడు. వాడి తప్పు లేదు. డ్రైవర్ తప్పు లేదు. బస్సు పెరగలేదు.

నేను వదిలేసి వచ్చిన ఊరికి కమాన్ కట్టాను. అక్కడున్నది ఇంకో ఊరు.

అయినా వంపు ఒక్కటే ఉంటే బస్సు పోయేది. అడ్డం పడింది పేర్ల దూలం. ఆ మాట గంగోత్రిది. ఎప్పటి నుంచో ఇంట్లో అట్లాగే అంటోందట, పేర్ల దూలమని. ప్రేమలత ఈ రోజే చెప్పింది.

ఇన్ని గోల్‌పోస్టులు కట్టినవాణ్ణి, నా బిడ్డ బస్సుకు ఒకటి కట్టి దాని మీద నా పేరు చెక్కించుకున్నాను. సిగ్గుగా ఉంది. ఇస్సాక్‌తో చెప్పాను. వాడు ఎగతాళి చేస్తాడనుకున్నాను. చేయలేదు. "దూలం తీసేపిస్తే సరిపోతాది గదన్నా. వంపు ఉంటాది, బస్సు పోతాది" అన్నాడు. వాడికి సులువు. దాని మీద వాడి పేరు లేదు.


శుక్రవారం, నవంబర్ 21

గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాను. మూడుసార్లు రికార్డు చేసి చెరిపేశాక నాలుగోది పంపాను. తప్పు నాది, రోడ్డు మట్టం చూడలేదు, దూలం కొట్టేద్దాం, ఖర్చు నేను పెట్టుకుంటాను అన్నాను.

దుబాయ్ నుంచి, మస్కట్ నుంచి, ఖతీఫ్ నుంచి వరసగా తిట్లు. దూలం మీద అమ్మ పేరుంది, అమ్మను కొడతావా అని ఒకడు. ప్రతి ఇంట్లో బండి ఉంది, బస్సెందుకు అని ఇంకొకడు. బండ్లు కొడుకుల దగ్గరున్నాయి, ఆ సంగతి వాడికీ తెలుసు. పంచాయతీ ఎన్నికలయ్యేదాకా ఎవరూ ముట్టుకోవద్దని మరొకడు. అందరి తర్వాత అంజన్న. ఆయన తిట్టలేదు. "తమ్మీ, నేను ఎగ్జిట్ మీద మొత్తానికే పోతున్న. ఊరికి పొయినంక చూద్దాం. అప్పటిదాంక ఎవ్వలు ముట్టొద్దు" అన్నాడు. గ్రూపు మొత్తం బొటనవేళ్ళు పెట్టింది.

ఖల్లీ వల్లీ, పోతే పోనీ. నేను చెప్పాల్సింది చెప్పాను.


నవంబర్ 26

నేను చెప్పాల్సింది చెప్పాను.


శుక్రవారం, డిసెంబర్ 5

గంగోత్రి కాలేజీకి పోవడం మానేసి పది రోజులు దాటిందట. నాకు ఇప్పుడు తెలిసింది. బెల్టు షాపు దగ్గర ఎవడో ఏదో అన్నాడు. ఏమన్నాడో ప్రేమలత చెప్పలేదు, నేను రెండోసారి అడగలేదు. మా ఊరి నుంచి కాలేజీకి వెళ్ళే మిగతా ఇద్దరమ్మాయిలకు తోడుగా ఒకరి అన్న వెళుతున్నాడు, కానీ అతను రోజూ రాడు. ప్రేమలతకు మోకాళ్ళు పట్టేశాయి, మలుపు దాకా వెళ్ళలేకపోతోంది. మా ఇంట్లో మోకాళ్ళన్నీ ఒకేసారి పోయాయి.

హాజరు తక్కువైతే పరీక్షకు కూర్చోనివ్వరని లెక్చరర్ ఫోన్ చేశాడట.

ఇప్పుడేం చేస్తోంది అని అడిగాను. తనకు సాయం చేస్తోందని ప్రేమలత అంది. అంటే బీడీలు చుడుతోంది. చిన్నప్పుడే దాని చేతికి చాట ఇవ్వొద్దని ప్రేమలత దగ్గర మాట తీసుకున్నాను. అదొక్కటే ఆమెను నేను అడిగింది. నేను ఇక్కడుండటానికి కారణం కూడా అదే అనుకుంటూ వచ్చాను.

సాయంత్రం గంగోత్రి వాయిస్ మెసేజ్ వచ్చింది. ఇక్కడ మాట మాట రాస్తున్నాను, ఫోన్ పోయినా ఉండాలని.

"బాపూ, నువ్వు గ్రూపుల పెట్టింది విన్న. అందరు నిన్ను తిట్టిన్రు గద. నాకోసమని కమాన్ కొట్టియ్యకు. నీ పేరు గూడ దాని మీదున్నది. నేను ఇంటికాడనే చదువుకుంట. బీడీలు చుట్టుడు అంత కష్టమేం లేదు, రెండు రోజులల్ల వచ్చేసింది."

రెండు రోజుల్లో వచ్చేసిందట. దానికి ఏదైనా త్వరగా వస్తుంది.

ఏడ్చాను. ఇస్సాక్ బస్సు కడగడానికి వెళ్ళాడు, గదిలో ఎవరూ లేరు.


శుక్రవారం, డిసెంబర్ 12

అంజన్న వచ్చాడు. రేపు జెద్దా నుంచి విమానం. దారిలో నన్ను చూసి పోదామని ఒక రోజు ముందే రియాద్ నుంచి బయల్దేరాడు. మెస్సులో ఇద్దరం తిన్నాం. చాలా చిక్కిపోయాడు. సామానంతా కలిపి రెండు సూట్‌కేసులు, ఒక దుప్పటి మూట. మలాజ్‌లో ఆయన గది ఖాళీ చేస్తే ఇంకేమీ మిగల్లేదట. పాత ఏసీ పనిముట్లు ఒక బెంగాలీకి ఇచ్చేశాడు.

కెనాల్ గట్టు సంగతి, గంగోత్రి సంగతి అంతా చెప్పాను. తల వంచుకుని విన్నాడు. రొట్టె ముక్కలు చేస్తూ పోయాడు గాని తినలేదు.

"నేను ఊరిడిచిపెట్టినప్పుడు పుట్టినోళ్ళకు ఇయ్యాల పిల్లలున్నరు. నన్ను ఎవ్వలు గుర్తువడుతరు? బస్సు దిగి, ఇగో ఇది నా పేరని చూపిద్దామనుకున్న. ఇంకేమున్నది నాకు చూపించుకోను?" అన్నాడు.

ఆయన చదువుకోలేదు, పెళ్ళాం పోయింది, కొడుకు ముంబైలో ఉండి మాట్లాడడు. తమ్ముళ్ళకు ఇండ్లు కట్టించాడు, వాటిలో ఆయనకొక గది ఉందో లేదో వెళితేగాని తెలియదు. ఇన్నేళ్ళ సంపాదన పోయిపోయి ఆ పలక మీద అక్షరాలైంది. నా బిడ్డ బస్సెక్కాలని ఆ అక్షరాలు కొట్టేయమని నేను ఎట్లా అడగను? అడగకుండా ఎట్లా ఉండను?

అడగలేదు. బస్టాండు దాకా ఇస్సాక్ తీసుకెళ్ళాడు. సూట్‌కేసులు నేను ఎక్కించాను. ఊళ్ళోకి కారు మాట్లాడుకో అన్నా, సామానుంది అన్నాను. వద్దన్నాడు. ఊరు విడిచి వచ్చేటప్పుడు బస్సులో వచ్చాడట, మళ్ళీ బస్సులోనే దిగుతాడట.

బస్సు లోపలికి రాదని చెప్పాను కదా. విన్నాడో లేదో.


డిసెంబర్ 13

అంజన్న విమానం ఎక్కినట్టు మెసేజ్. అలసటగా ఉంది. ఎవరి మీదా కోపం లేదు, అదే భయంగా ఉంది.


మంగళవారం, డిసెంబర్ 16

ప్రేమలత చాలాసేపు మాట్లాడింది. ఆమె అంతసేపు మాట్లాడి ఏడాదైంది.

నిన్న గంగోత్రి కాలేజీకి వెళ్ళింది. చదువుకోవడానికి కాదు, ప్రాజెక్టు ఇచ్చి రావడానికి. సాయంత్రం తిరుగు బస్సులో అంజన్న ఉన్నాడు. గంగోత్రికి ఆయన తెలియదు, ఆయనకు గంగోత్రి తెలియదు. మెయిన్ రోడ్డు మీద అందరినీ దించి బస్సు వెళ్ళిపోయింది. ముసలాయన ఆ రెండు సూట్‌కేసుల మధ్య నిలబడి, బస్సు ఊళ్ళోకి ఎందుకు పోలేదని కండక్టరు వెళ్ళిపోయిన వైపు చూస్తూ అడిగాడట. కమాన్ అడ్డమున్నది తాతా అని ఒక అమ్మాయి చెప్పింది.

ఆడపిల్లలు ముగ్గురే. ఆ రోజు తోడు వచ్చేవాడు రాలేదు. గంగోత్రి ఒక సూట్‌కేసు పట్టుకుంది, మిగతా ఇద్దరూ రెండోది పట్టుకున్నారు. ఆయన దుప్పటి మూట మోసుకుంటూ వాళ్ళ వెనక నడిచాడు. బెల్టు షాపు దగ్గర మాటలు వినపడ్డాయి. ఆడపిల్లలు తలలు వంచి నడక పెంచారట. ఆయన ఆగి, ఎవడురా వాడు అని అరిచాడు. ఎవడో నువ్వెవడివి తాతా అన్నాడట. ఆయన పేరు చెప్పాడు. ఆ పేరు వాళ్ళలో ఎవరికీ తెలియదు.

కమాన్ కిందికి వచ్చేసరికి మసక చీకటి. గంగోత్రి ఆగి, తాతా, మీ పేరు ఇందుల ఉన్నదా అని అడిగిందట. ఆయన పైకి చూడలేదు.

"మీరు రోజు గిట్లనే వస్తరా బిడ్డా?" అన్నాడు.

ఇది గంగోత్రి తల్లికి చెప్పింది, తల్లి నాకు చెప్పింది. నేను ఇస్సాక్‌కు చెప్పాను. వాడు చాలాసేపు బస్సు తాళాలు వేలికి తిప్పుకుంటూ కూర్చున్నాడు.


శుక్రవారం, డిసెంబర్ 19

పొద్దున అంజన్న ఫోన్. వెనక దబదబ శబ్దం.

"తమ్మీ, నా పేరు నేనే కొట్టిన. మొదటి దెబ్బ నాదే. తర్వాత కుమార్ మిషన్ వెట్టిండు. గ్రూపుల ఎవ్వడన్న నిన్ను ఏమన్న అంటే నా మీద చెప్పు" అన్నాడు.

మంచి పని చేశావన్నా అన్నాను. నీకు తమ్ముళ్ళ ఇంట్లో గది ఉందా అని అడగలేదు. ఆయనే చెప్పాడు. బళ్ళో ఒక ఖాళీ గదిలో పడుకుంటున్నాడట ప్రస్తుతానికి, బాత్రూం కోసం పొలానికి వెళ్ళాల్సి వస్తోందట. "బిడ్డలు ఎట్ల ఓర్సుకుంటున్నరో" అన్నాడు.

కుమార్ కూడా మాట్లాడాడు. వంపుకు ఏమీ కాలేదు, బోసిగా ఉంది గాని నిలబడిందన్నాడు. పలకలు ఎవరివి వాళ్ళ ఇండ్లకు పంపాడు. నాది ఏం చేయమంటావని అడిగాడు. మెయిన్ రోడ్డు దగ్గర ఆడపిల్లలు బస్సు కోసం నిలబడే చోట రెండు రాళ్ళ మీద పెట్టు, కూర్చుంటారు అన్నాను. పేరు కిందికి పెట్టమన్నాను.


శుక్రవారం, డిసెంబర్ 26

బస్సు ఊళ్ళోకి వచ్చింది. డిపోకు కాగితం పెట్టి, డ్రైవర్ ఒకసారి వచ్చి చూసుకుని వెళ్ళాక, మొన్న పొద్దున వచ్చింది. కుమార్ వీడియో పంపాడు. వంపు కింద నుంచి మెల్లగా దూరి, ఊపిరి బిగపట్టుకున్న మనిషి మాదిరి బయటపడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అంజన్న రోడ్డు పక్కన చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు, ట్రాఫిక్ పోలీసులాగా.

బస్సు తిరిగి వెళ్ళేటప్పుడు కిటికీల్లో ఆడపిల్లలు కనపడ్డారు. ఒక్కో ముఖం ఆపి చూశాను. గంగోత్రి లేదు.

ప్రేమలతకు ఫోన్ చేశాను. బీడీ కార్ఖానా వాళ్ళు గంగోత్రి పేర కూడా ఆకు, తంబాకు ఇస్తున్నారట. ఈ వారం లెక్క అప్పజెప్పాలి, తర్వాత చూద్దాం అంది. ఆమె గొంతులో చెడు లేదు, అలసట ఉంది. నాలో ఉన్నదే. హాజరు ఎట్లాగూ పోయింది కదా, పరీక్షకు కూర్చోవాలంటే జరిమానా కట్టాలి కదా, పరీక్ష పాసైనా డిగ్రీకి ఇంకా దూరం పంపాలి కదా అంది. అన్నీ నిజమే. బస్సు వస్తే సరిపోతుందని నేననుకున్నాను. కమాన్ కడితే సరిపోతుందని కూడా ఇట్లాగే అనుకున్నాను.

ఈసారి ఊరుకోలేదు. గంగోత్రికి ఫోన్ ఇమ్మన్నాను.

"చాట కింద పెట్టు బిడ్డా. జరిమానా నేను కడత. రేపు బస్సెక్కు. నా కోసం గాదు, నీ కోసం ఎక్కు" అన్నాను.

ఆకు కత్తిరించే శబ్దం ఒక్కటి వచ్చి, ఆగింది.

"ఎల్లుండి ఆదివారం బాపూ. సోమవారం నుంచి పోత" అంది. రేపటి సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.


డిసెంబర్ 28

ప్రాజెక్టుకు మంచి మార్కులు వచ్చాయట. లెక్చరర్ క్లాసులో చదివి వినిపించాడట, వినడానికి ఇది అక్కడ లేదు. తోటి అమ్మాయిలు తెచ్చిచ్చిన ప్రాజెక్టు చివరి పేజీ ఫొటో పంపింది. మన ఊరి గురించి రాసింది అట్లాగే ఉంది, ఒక్క మాట మార్చలేదు. కింద మాత్రం ఇప్పుడు చేత్తో ఒక వాక్యం కలిపింది. "మా ఊరి పెద్దలు వారి పేర్లు వారే తీసివేశారు." కోపం రాలేదు. రెండుసార్లు చదివాను.


సోమవారం, డిసెంబర్ 29

పొద్దున గోల్‌పోస్ట్ దగ్గరున్నప్పుడు ఫోన్ కదిలింది. పని మీద ఫోన్ తీయకూడదు, సేఫ్టీ మేడమ్ అక్కడే ఉంది. తీశాను. ఆమె చూసి, అటు తిరిగి నిలబడింది.

వాయిస్ మెసేజ్. మొదట ఇంజను శబ్దం. ఆడపిల్లల అరుపులు, కండక్టరు ఎవరినో లోపలికి జరగమంటున్నాడు. తర్వాత దాని గొంతు, గట్టిగా, ఆ శబ్దాల మీదుగా.

"బాపూ, కమాన్ దాటినం."

ఫోన్ జేబులో పెట్టుకుని పైపు బిగించాను.